షోలవరంలో మలుపులు పెట్టినోళ్ళు

పోస్టు పెద్దదే. బస్సులో కూర్చున్నప్పుడో, మెస్ దగ్గర లైన్లో నిలబడ్డప్పుడో చదవండి. మన గ్రూపులో పోడు పట్టాల మీద, స్కాలర్‌షిప్పుల మీద, కుల సర్టిఫికెట్ల మీద రాస్తుంటారు. మేము కార్లు, మోటార్ సైకిళ్ళ రేసు ట్రాక్ మీద రాస్తున్నాం. యానాది పిలకాయలకి రేసు ట్రాక్‌తో ఏం పని అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నవ్వి, చివరిదాకా చదవండి.

మేము ముగ్గురం. సూళ్ళూరుపేట చుట్టుపక్కల కాలనీల నుంచి వచ్చి ఒకే హాస్టల్లో ఒకే రూములో ఉంటున్నాం. ఇద్దరం మెకానికల్, ఒకడు బీకాం. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్ళం మేమే. ఇందులో తాత అని వచ్చేది మాలో ఒకడికి సొంత తాత, మిగతా ఇద్దరికి వరసకి తాత. పోయిన సెలవల్లో ఆయన మాటలు ముగ్గురం కూర్చుని ఫోనులో రికార్డు చేశాం, ముగ్గురం కలిసే రాస్తున్నాం. కొండల వైపు నుంచి వచ్చిన వాళ్ళకి ఒక మాట చెప్పాలి. మేము ఏజెన్సీ వాళ్ళం కాదు, మైదానం వాళ్ళం. చెరువు కట్టలు, కాలవ గట్లు, పులికాట్ ఒడ్డు, అదే మా అడవి.

షోలవరం ఎక్కడుందో చెప్తాం. సూళ్ళూరుపేట నుంచి మద్రాసు పొయ్యే రోడ్డు మీదే, తడ, గుమ్మిడిపూండి దాటి రెడ్ హిల్స్ రాకముందే వస్తుంది. తమిళంలో చోళవరం అంటారు. అక్కడి చెరువు మద్రాసుకి తాగే నీళ్ళిచ్చే చెరువుల్లో ఒకటి. మన కండలేరు నుంచి పొయ్యే కృష్ణా నీళ్ళు కూడా పూండి చేరి అటే పోతాయి. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు ఇంగ్లీషోళ్ళు విమానాల కోసం అక్కడ రన్‌వే కట్టారు. యుద్ధం అయిపోయింది, రన్‌వే మిగిలింది. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టారు. ఆ 1950ల నుంచి 1980ల చివరిదాకా ఆ రన్‌వే మీద రేసులు జరిగాయి. దేశంలో రేసులంటే అప్పట్లో ముందు చెప్పుకునే పేరు షోలవరం. మద్రాసు, బెంగుళూరు, కోయంబత్తూరు, బొంబాయి, కలకత్తా, అన్ని చోట్ల నుంచి బండ్లు వచ్చేవి. రాజావార్ల కుటుంబాలు, మిల్లు యజమానుల పిల్లలు, బండ్ల కంపెనీల వాళ్ళు, సొంతంగా వర్క్‌షాపు పెట్టుకున్న మెకానిక్కులు. అందరూ అక్కడికే.

మా తాత అక్కడికి రేసు చూడ్డానికి పోలేదు. రెడ్ హిల్స్ దగ్గర ఒక రైస్ మిల్లులో వడ్లు ఉడకబెట్టి కళ్ళంలో ఆరబోసే పనికి ఆయన నాయన అడ్వాన్సు తీసుకున్నాడు. అడ్వాన్సు అంటే మీకు తెలుసు. తీసుకునేది ఒకసారి, తీర్చేది తరతరాలు. కుటుంబం మొత్తం మిల్లు లోపలే ఉండాల, బయటికి పోవాలంటే అడగాల. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చిందని మేము ఇంటర్‌లో చదువుకున్నాం. మిల్లు లోపల ఉన్న తాతకి ఆ సంగతి చెప్పినోళ్ళు లేరు.

సంక్రాంతి పోయినాక ఒక మేస్త్రీ మిల్లుకి వచ్చి నలుగురైదుగురు మగోళ్ళని అడిగి తీసుకుపొయ్యేవాడంట. ఎందుకంటే రన్‌వే చుట్టూ ముళ్ళ కంప, గడ్డి ఏడాదంతా పెరిగి ఉంటుంది. అది కొట్టాల. దాంట్లో పాములుంటాయి. పాము అంటే అందరికీ యానాదులు, ఇరుళ్ళే గుర్తొస్తారు. కంప కొట్టడానికి ఒక కూలి, పాము పట్టడానికి వేరే కూలి ఇవ్వరు గదా, రెండూ ఒకటే కూలిలో అయిపోయేవి. తాత ఈ మాట చెప్పి బాగా నవ్వాడు. మాకు నవ్వు రాలా.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రన్‌వే అంటే ఏంది? విమానం ఎగరడానికి వేసిన తిన్నని, వెడల్పాటి కాంక్రీటు దారి. ఎత్తు లేదు, పల్లం లేదు, పక్కన చెట్టు లేదు. రేసుకి మలుపులు కావాల. ఆ మలుపులు కాంక్రీటులో లేవు. గడ్డి మోపులు, తారు డ్రమ్ములు పెడితేనే మలుపు వస్తుంది. క్లబ్బు వాళ్ళు కాగితం మీద గీత గీసుకుని వచ్చి సున్నంతో గుర్తు పెట్టేవాళ్ళు. ఆ గుర్తు మీద మోపులు మోసుకొచ్చి పేర్చింది తాత వాళ్ళు. మోపు ఒక జానెడు లోపలికి జరిగితే మలుపు బిగుసుకుపోతుంది, బయటికి జరిగితే వదులవుతుంది. బండి వచ్చి తగిలినప్పుడల్లా పరిగెత్తి పోయి మళ్ళీ అదే గుర్తు మీద పెట్టాల. అంటే ఏటా షోలవరం ట్రాక్ మళ్ళీ కొత్తగా పుట్టేది, మనుషుల చేతుల్తో పుట్టేది. ఆ ట్రాక్ గురించి పాత రేసర్లు రాసుకున్న జ్ఞాపకాలు కొన్ని నెట్‌లో చదివాం. బాగానే రాశారు, ప్రేమగా రాశారు. కానీ అందులో గడ్డి మోపులు వాటంతట అవే నడిచొచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

రేసు రోజు గురించి తాత దగ్గర చెప్పుకోడానికి పెద్దగా లేదు. వేలకి వేలు జనం, దుమ్ము, మైకుల్లో ఇంగ్లీషు, పోలీసుల లాఠీలు. కూలోళ్ళని ఆ రోజు మోపుల వెనక దూరంగా కూర్చోబెట్టేవాళ్ళు, పిలిస్తేనే రావాల. 1980ల్లో విజయ్ మాల్యా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారు తెచ్చి షోలవరంలో నడిపాడు. ఆయనే, మనం బ్యాంకు అప్పుల వార్తల్లో చూసే ఆయనే. తాతకి ఆ పేరు తెలీదు. ఒక ఏడాది చక్రాలు బయటికున్న కారు ఒకటి పోతే గుండెల్లో గంట కొట్టినట్టయిందని మాత్రం చెప్పాడు. అదే ఇదా అంటే మేము ఒట్టేసి చెప్పలేం.

తాత మనసు పడింది టెస్టు రోజుల మీద. రేసుకి ముందు వారంలో బండ్లు తెచ్చి నడిపి చూసుకునేవాళ్ళు. జనం ఉండరు, టికెట్లు ఉండవు, మైకు ఉండదు. ఒక చెట్టు నీడన లారీ ఆపి, టార్పాలిన్ పరిచి, బండి విప్పదీసేవాళ్ళు. రన్‌వే మొత్తానికి పదిమంది మెకానిక్కులు, పది బండ్లు, పదిమంది కూలోళ్ళు. ఎవురు ఎవురో అడిగే నాథుడు లేడు. మోపుల పని అయిపోయాక తాత వాళ్ళు పోయి పక్కన కూర్చునేవాళ్ళు. ఆముదం కాలిన వాసన వచ్చేదంట. మేము ముందు నమ్మలా, తర్వాత చూస్తే నిజమే. అప్పట్లో రేసు ఇంజన్లలో ఆముదంతో చేసిన ఆయిల్ వాడేవాళ్ళు. తాతకి ఇప్పటికీ అవ్వ ఆముదం వండితే షోలవరం గుర్తొస్తుంది.

ఆ రోజుల్లో మోటార్ సైకిళ్ళు ఎక్కువగా టూ స్ట్రోక్. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు చేసిన జావాలు, యెజ్డీలు, 1983 తర్వాత రాజ్‌దూత్ 350. టూ స్ట్రోక్ బండికి టెస్టు రోజు అసలు పని ఏందంటే పెట్రోలు, గాలి పాళ్ళు కుదర్చడం. కార్బొరేటర్‌లో జెట్ అని ఒక చిన్న ఇత్తడి మర ఉంటుంది, దానికి వెంట్రుక వాసి రంధ్రం. రంధ్రం పెద్దదైతే పెట్రోలు ఎక్కువ పోతుంది, బండి మూలుగుతుంది, పొగ కక్కుతుంది. చిన్నదైతే పెట్రోలు చాలదు, బండి బ్రహ్మాండంగా పోతున్నట్టే ఉంటుంది, పోతూ పోతూ లోపల వేడెక్కి పిస్టన్‌కి బొక్క పడుతుంది. సరైన జెట్ ఏదో ఎట్ట తెలుస్తుంది? ఇప్పట్లా కంప్యూటర్ లేదు. నడిపేవాడు తిన్నటి దారిలో యాక్సిలేటర్ మొత్తం తిప్పి, స్పీడు మీద ఉండగానే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేస్తాడు. మెల్లగా నడిపించి ఆపితే లాభం లేదు, ప్లగ్గు రంగు మారిపోతుంది. అక్కడికక్కడే ప్లగ్గు విప్పి మూతి రంగు చూస్తారు.

అట్టా ఇంజన్ ఆపిన బండి యాడ ఆగుతుంది? రన్‌వే ఆ చివర ఆగుతుంది. ఆ చివర నుంచి ఈ చివరికి ఎవురు తొయ్యాల? అదీ సంగతి. ఫిబ్రవరి ఎండలో కాంక్రీటు మీద బండి తోసుకుంటా వచ్చేది మా తాత. పూటకి ఎన్నిసార్లు తోశాడో లెక్కలేదు. తోసుకుంటా రావడం, మెకానిక్ ప్లగ్గు చూడ్డం, జెట్ మార్చడం, మళ్ళీ పోవడం. మెకానిక్కుల్లో ఒకాయన కోయంబత్తూరు వైపు తెలుగాయన. వాళ్ళ తెలుగు వేరే, సగం అర్థమయ్యేది కాదంట. కానీ తెలుగు తెలుగే గదా. ఆయన ఒకరోజు అలిసిపోయిన తాతని చూసి ప్లగ్గు చేతికిచ్చి, "ఏం రంగు చెప్పు" అన్నాడు.

"సున్నం" అన్నాడు తాత.

"సున్నం అయితే కడుపు మాడుతోందని. మసి అయితే ఎక్కువ తినిందని. కాఫీ పొడి రంగు రావాల. అది వచ్చిందాక నువ్వు తోస్తానే ఉండాల" అన్నాడంట ఆయన.

అంతే, అదే పాఠం. ఆ తర్వాత తాత బండి తోసుకుంటా వస్తా వస్తానే, అది పోయినప్పటి శబ్దాన్ని బట్టి సున్నమా మసా చెప్పడం మొదలుపెట్టాడు. రెండో ఏడాదికి పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిపోయేదని ఆయన చెప్పాడు. తాత లెక్క కాబట్టి ఆరు అనుకున్నా మాకు చాలు. ఇంకొకటి కూడా ఆయన తనంతట తనే పట్టాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాఫీ రంగు వచ్చిన జెట్టు, మధ్యాహ్నం ఎండలో మసి చూపిస్తుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, వేడిగాలి పలచగా ఉంటుంది, కాబట్టి పెట్రోలు అంతే పోయినా మధ్యాహ్నం గాలి చాలదు. ఇది మాకు ఇంజనీరింగ్‌లో గ్రాఫు వేసి చెప్పారు. తాత మాటల్లో అయితే, "పొద్దుటి ఆకలి, మద్దేనం ఆకలి ఒకటి కాదు రా అబ్బయ్యా."

టెస్టు రోజులు అంత మంచివే అయితే మా చిన్నతాత కుంటేవాడు కాదు. రేసు రోజు అంబులెన్సు, డాక్టరు ఉంటారు. టెస్టు రోజు తాత వాళ్ళు పనిచేసే పక్కన ఎవురూ లేరు. ఒక పొద్దున చిన్నతాత మోపు సర్దుతా వంగి ఉన్నాడు. బండి ఒకటి మలుపు తిరగలేక మోపుల్లోకి దూరింది. గడ్డి నడిపేవాణ్ణి కాపాడింది. మోపు వెనక మనిషి ఉంటాడని గడ్డికి తెలీదు. మోకాలి కింద ఎముక విరిగింది. లారీలో వేసి ఆసుపత్రికి తీసుకుపొయినోడు ఆ బండి నడిపినాయనే, కన్నీళ్ళు పెట్టుకున్నాడు కూడా అని తాత రెండుసార్లు చెప్పాడు, రాయమన్నాడు. మేస్త్రీ మాత్రం ఆ రోజు కూలి, బస్సు ఖర్చు చేతిలో పెట్టి మళ్ళీ కనపళ్ళేదు. కాలు వంకరగా అతుక్కుంది. పులికాట్‌లో వల లాగాలంటే కాళ్ళు నిలదొక్కుకోవాల గదా. చిన్నతాత చివరిదాకా ఒడ్డునే కూర్చుని వలలు అల్లాడు.

ఇంత జరిగినా తాత ఆ పనికి ఎందుకు పోయినట్టు? మేము కూడా ఇదే అడిగాం. మొదటి ఏడాది కూలి డబ్బులు మేస్త్రీ నేరుగా మిల్లు యజమానికి ఇచ్చేశాడు. రెండో ఏడాది టెస్టు రోజుల్లో మెకానిక్కులు బండ్లు తోసినందుకు చేతికి ఇచ్చారు. ఐదు, పది, ఒకోసారి ఇరవై. తాత బతుకులో యజమాని చేతి మీదుగా కాకుండా వచ్చిన మొదటి డబ్బు అది. అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో అడుగున దాచింది. అట్టా నాలుగైదు ఫిబ్రవరులు పోయినాక అడ్వాన్సు కట్టేసి, సామాను నెత్తిన పెట్టుకుని సూళ్ళూరుపేట బస్సు ఎక్కారు. ఆఖరి ఏడాది ఆ కోయంబత్తూరాయన ఒక ప్లగ్గు స్పానర్ ఇచ్చాడు. దాంతో తాత పంక్చర్ షాపు పెట్టాడు. పంక్చర్లతో కడుపు నిండేది కాదు. టీవీఎస్ 50 మోపెడ్లు వచ్చాయి. 1980లో మొదలైన ఆ బండి మా వైపు చేపలమ్మే వాళ్ళందరి దగ్గరా ఉండేది. అది కూడా టూ స్ట్రోకే. "యానాదోడి దగ్గరికి పో, ప్లగ్గు చూసి చెప్తాడు" అని వచ్చేవాళ్ళంట. ఆ పిలుపు మాకు నచ్చదు, కానీ వచ్చింది మాత్రం నిజం. ఆ షాపు డబ్బులతోనే మా నాయన పదో తరగతి దాకా పోయాడు. మేము ఇక్కడ దాకా వచ్చాం.

రేసులు అక్కడ ఆగిపోయి, 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు వాళ్ళు సొంత ట్రాక్ కట్టుకున్నారు. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడ మలుపులు తారులోనే ఉన్నాయి, ఎవురూ మొయ్యక్కర్లేదు. మన దేశం నుంచి మొదటిసారి ఫార్ములా వన్‌కి పోయిన నారాయణ్ కార్తికేయన్ మొదట రేసు నడిపింది ఆ శ్రీపెరుంబుదూరులోనే. మారుతి 800 ఇంజన్ పెట్టి కోయంబత్తూరు కరివర్ధన్ తయారుచేసిన ఫార్ములా మారుతి కారులో. సికింద్రాబాద్‌లో పుట్టిన హీరో అజిత్ కూడా అక్కడ నడిపాడు.

మా కాలనీ సీనియర్ అన్న ఒకాయన అటువైపు కంపెనీలో అప్రెంటిస్. ఆయన పుణ్యాన పోయిన ఏడాది మేము ఇరుంగాట్టుకోట్టైలో ఒక టెస్టు రోజు చూశాం. మెకానిక్ ప్లగ్గు విప్పలేదు. బండి వచ్చి ఆగగానే లాప్‌టాప్ తగిలించారు, గీతలు వచ్చాయి, అవి చూసుకున్నారు. మేము తెల్లమొహాలు వెయ్యలేదు, అందులో ఒక గీత గాలి, పెట్రోలు పాళ్ళదే అని మాకు తెలుసు. తాత కాఫీ పొడి రంగు ఇప్పుడు గీత అయిందన్నమాట. అట్టా చూస్తా ఉంటే ట్రాక్ పక్కన చీపుర్లతో రబ్బరు ముక్కలు, మట్టి ఊడుస్తున్న మనుషులు కనపడ్డారు. టైర్ల దడి సర్దుతున్నారు. మధ్యాహ్నం నీళ్ళ డ్రమ్ము దగ్గర ఒకతన్ని కదిలించాం. ఒడిశా, రాయగడ వైపు. మీరెవరు అని మేము అడగలా, అతనే మమ్మల్ని అడిగాడు. యానాదులం, ఆదివాసీలం అన్నాం. "మేము కూడా" అన్నాడు. వయసు మా అంతే. మేము గ్యాలరీ మెట్ల మీద నుంచి దిగి వచ్చాం, అతను చీపురు పట్టుకుని ఉన్నాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో మాకు తోచలా. బండి ఏది బాగా పోతోంది అని అడిగితే, చెయ్యి చాపి మూడో దాన్ని చూపించి, "దాని శబ్దం వేరే" అన్నాడు. సాయంత్రానికి ఆ రోజు టైముల్లో ముందున్నది అదే.

వచ్చేటప్పుడు షోలవరంలో దిగాం. మా తమిళం అంతంత మాత్రం. కుర్రోళ్ళని అడిగితే రేసా, ఇక్కడా అన్నారు. టీ కొట్టు పెద్దాయన మాత్రం చెయ్యి ఎత్తి అటువైపు చూపించి, మిలిటరీ స్థలం, లోపలికి పోనీరు అన్నాడు. రోడ్డు మీద నుంచి కంప చెట్లు తప్ప ఏం కనపళ్ళా. ఆ చెట్లకే ఫోటో తీసుకున్నాం. తాతకి చూపిస్తే, "ఎవురూ కొట్టలేదన్నమాట" అన్నాడు.

తాతకి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. శ్రీహరికోటలో రాకెట్ పోతే మా కాలనీలో కిటికీలు అదురుతాయి, ఆయన మాత్రం కదలడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కరెంటు కార్ల రేసు జరిగిందని వీడియో చూపించాం. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ దూరం పెట్టుకుని, "శబ్దం లేదే" అన్నాడు. కరెంటుది తాతా, ఇంజన్ ఉండదు అన్నాం. "అయితే ప్లగ్గు యాడుంటుంది? ఏం చూసి చెప్తారు?" అన్నాడు. ఇద్దరు మెకానికల్ వాళ్ళం ఉండి కూడా తాతకి అర్థమయ్యేటట్టు బ్యాటరీ వేడి గురించి చెప్పడానికి గంట పట్టింది. చివరికి ఒప్పుకున్నాడు, అది కూడా కడుపు మాడే సంగతేనని.

ఇదంతా రాసి మొన్న ఆదివారం ఫోనులో గట్టిగా చదివి వినిపించాం. చిన్నతాత దగ్గర కాసేపు ఆగమన్నాడు, తర్వాత చదవమన్నాడు. అంతా అయినాక ఇంకొకటి కూడా రాయండి అన్నాడు. మలుపుల దగ్గర పెట్టిన తారు డ్రమ్ములకి తెలుపు, నలుపు పట్టీలు వేసింది కూడా వాళ్ళేనంట, బ్రష్షులు లేకపోతే తాటి పీచు నమిలి కుంచె చేసుకుని వేశారంట. రాశాం తాతా.